మెయిల్‌లో ఒక నేను, చాట్‌లో ఇంకో నేను

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్న 28 ఏళ్ళ పాఠకురాలు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడది కర్నూలు దగ్గర పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ రాసిన మెయిల్‌ని టీమ్ లీడ్ అందరి ముందూ పైకి చదివి నవ్వించాడు. ఆ రాత్రే బ్రౌజర్‌లో గ్రామర్ తనిఖీ చేసే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకున్నారు. ఐదేళ్ళయింది. ఇప్పుడు ‘థాంక్స్, నోటెడ్’ అన్న రెండు మాటలు కూడా దానికి చూపించకుండా పంపలేని స్థితి.

ఈ మధ్య మూడు సంగతులు వరసగా జరిగాయి. బ్రిటన్ క్లయింట్ టీమ్ మొత్తాన్ని తన వర్చువల్ డెస్క్‌టాప్ (క్లయింట్ సర్వర్‌లో నడుస్తూ, తెర మాత్రం మనకి కనిపించే కంప్యూటర్) మీదకి మార్చింది. అందులో ఏ ఎక్స్‌టెన్షనూ పెట్టుకోనివ్వరు. అప్పటి నుంచి ఒక్కో మెయిల్‌కి ముప్పావుగంట పడుతోంది. రెండోది, సిస్టమ్ ఆగిపోయిన ఒక రాత్రి ఆవిడ ‘వియ్ థింక్ ది ఇష్యూ ఈజ్ ఇన్ ది డేటాబేస్’ అని రాస్తే, వాక్యం మరింత ధీమాగా ఉండాలని సాఫ్ట్‌వేర్ ‘వియ్ థింక్’ తీసేయమంది. తీసేశారు. తీరా చూస్తే తప్పు నెట్‌వర్క్‌లో ఉంది. క్లయింట్ వైపు డేటాబేస్ టీమ్ గొడవ చేసింది. మూడోది, మేనేజర్ నవ్వుతూనే అన్న మాట: ‘మెయిల్స్ లండన్‌లో పుట్టినట్టుంటాయి, చాట్ చూస్తే వేరే మనిషి. రెండూ మీరే రాస్తున్నారా?’

ఆవిడ అడిగినవి: దీన్ని పూర్తిగా మానేయాలా? డబ్బులు కట్టి ఇంకా మంచిది తీసుకోవాలా? కెనడా కోసం ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాయాలి, అక్కడేం చేయను?

సమాధానం

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతితోనే మొదలుపెడతాను. వర్చువల్ డెస్క్‌టాప్ మీద ఉన్న మెయిల్‌ని చూస్తూ ఫోన్‌లో టైప్ చేసి, అక్కడి యాప్‌తో దిద్దించి, మళ్ళీ ఇక్కడ కొడుతున్నానని రాశారు. మిగతా వాటిలో దేన్ని ఎంచుకుంటారో మీ ఇష్టం, ఇది మాత్రం ఇవాళే ఆపేయండి. ఎక్స్‌టెన్షన్లు అడ్డుకోవడానికి ఒక కారణం ఉంది. వాటిలో చాలావి మీరు కొట్టేదాన్ని తమ సర్వర్‌కి పంపి, అక్కడ తనిఖీ చేయించి, జవాబు వెనక్కి తెస్తాయి. సర్వర్ పేర్లు, టికెట్ నంబర్లు, కస్టమర్ల వివరాలు అన్నీ ఆ దారినే పోతాయి. ఇది ఊహాగానం కాదు. 2018 ఫిబ్రవరిలో గ్రామర్లీ అనే తనిఖీ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో ఒక లోపాన్ని, గూగుల్‌లో భద్రతా లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందం పరిశోధకుడు బయటపెట్టాడు. వాడుకరి తెరిచిన ఏ వెబ్‌సైట్ అయినా ఆ ఖాతాలోకి చొరబడగలిగే లోపం అది. కంపెనీ వెంటనే సరిచేసింది. క్లయింట్ భద్రతా విభాగాల వాళ్ళు ఇలాంటివి మరిచిపోరు. గ్రామర్ తప్పుకి నవ్వుతారు, అంతే. క్లయింట్ సమాచారం బయటికి పంపితే అడిగేది హెచ్‌ఆర్.

ఇక ఆ రాత్రి సంగతి. మీరు మొదట రాసిన వాక్యంలో తప్పేమీ లేదు. ‘అనుకుంటున్నాం’ అనడం పిరికితనం కాదు, ఆ గంటకి మీకు తెలిసింది అంతే. తెలుగులో ‘వాన పడింది’ అనడానికీ ‘వాన పడ్డట్టుంది’ అనడానికీ ఉన్న తేడా అది. సాఫ్ట్‌వేర్ ఆ ‘ట్టుంది’ని చెత్త కింద లెక్కగట్టి ఊడ్చేసింది. ఎందుకంటే దానికి కనిపించేది వాక్యమే, సర్వర్ కాదు. 1970ల చివరి నుంచి బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారైన రైటర్స్ వర్క్‌బెంచ్ లాంటి పాత ప్రోగ్రాములు కొన్ని సూత్రాలు పట్టుకుని వెతికేవి. ఇప్పటివి కోట్ల వాక్యాలు మింగి, ఇలాంటి చోట మామూలుగా ఏ మాట వస్తుందో లెక్కగడతాయి. తెలివి పెరిగింది గానీ గుడ్డితనం అదే. అందుకని సూచనల్ని రెండు కుప్పలు చేసుకోండి. ‘ఇది తప్పు’ అనేవి ఒకటి: స్పెల్లింగ్, ఒకే మాట రెండుసార్లు పడటం, ఏకవచన బహువచనాల పొంతన. ‘ఇలా అయితే బాగుంటుంది’ అనేవి రెండోది: ధీమా, క్లుప్తత, స్వరం, కర్మణి వాక్యం వద్దనడం. మొదటి కుప్పని చాలా వరకు నమ్మొచ్చు. రెండో కుప్పలో ఒక్కటి ఒప్పుకునే ముందైనా ఆ వాక్యం ఇప్పుడు ఏం మాటిస్తోందో చదవాలి. మే, మైట్, షుడ్, వియ్ థింక్, సో ఫార్ అన్న మాటలు ఇన్సిడెంట్ మెయిల్‌లో (సిస్టమ్ ఆగిపోయినప్పుడు పంపేదానిలో) ఉంటే వాటి జోలికి రానివ్వకండి. కర్మణి కూడా అంతే. ‘ది సర్వీస్ వాజ్ రీస్టార్టెడ్’ అన్నది ఎవరు చేశారో చెప్పనక్కర్లేని చోట సరైన వాక్యమే. దాన్ని కర్తరిలోకి మార్చమంటే లేనిపోని కర్తని తెచ్చి కూర్చోబెట్టాలి.

సాఫ్ట్‌వేర్ పట్టుకోనివి ఇంకా ఉన్నాయి. ‘ది ప్యాచ్ ఈజ్ నౌ డిప్లాయ్డ్’ అని రాయబోయి వేలు జారి ‘నాట్ డిప్లాయ్డ్’ అని కొడితే కింద ఏ గీతా పడదు. రెండూ నికార్సైన ఇంగ్లిషే, అర్థం మాత్రం తలకిందులు. ఐదు గంటలకి బదులు ఆరు అని పడ్డా అంతే. ‘ఐ విల్ రివర్ట్ బై ఈవినింగ్’ సంగతి చూడండి. మన ఆఫీసుల్లో దానికి సాయంత్రానికి జవాబిస్తాననే అర్థం. బ్రిటన్‌లో చేంజ్ టికెట్ (సిస్టమ్‌లో చేసే మార్పుని నమోదు చేసేది) మీద అది చదివినవాడు, చేసిన మార్పుని సాయంత్రం వెనక్కి తీసేస్తారని అనుకోవచ్చు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకి సందేహం, వాళ్ళకి అపనమ్మకం. ఈ రెండు వాక్యాల్లోనూ వ్యాకరణ దోషం లేదు, కాబట్టి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా మాట్లాడకపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఐదేళ్ళుగా వందల గీతలు చూసి ‘నాకు ఇంగ్లిష్ రాదు’ అన్న నిర్ణయానికొచ్చారు. మీరు జతచేసిన, దిద్దని మూడు మెయిళ్ళు చదివాను. అందులో వందల రకాల తప్పులు లేవు. ఏడెనిమిది రకాలే తిరిగి తిరిగి వచ్చాయి. పైగా వాటి వెనక తెలుగు వాక్యం నిలబడి కనిపిస్తోంది.

తెలుగులో ఎ, ది అనేవి లేవు. అందుకే మీరు ‘సర్వర్ ఈజ్ డౌన్’ అని రాస్తారు. సాఫ్ట్‌వేర్ ముందు ఏదో ఒకటి ఉండాలని చెప్పగలదు గానీ, ఏది ఉండాలో ప్రతిసారీ చెప్పలేదు. అది చదివేవాడికి ముందే ఏం తెలుసో దాన్నిబట్టి ఉంటుంది. వాక్యం రాశాక చదివేవాడి తరఫున ‘ఏది?’ అని అడగండి. జవాబు వాడికి ముందే తెలిసుంటే ది. మొదటిసారి వింటుంటే, లెక్కపెట్టగల ఒక్క వస్తువైతే ఎ. ‘ఎ సర్వర్ ఈజ్ డౌన్’ అంటే క్లయింట్ ఏ సర్వర్ అని ఫోన్ చేస్తాడు. ‘ది పేమెంట్ సర్వర్ ఈజ్ డౌన్’ అంటే పని మొదలుపెడతాడు.

రెండోది మన ‘నుంచి’. సోమవారం నుంచి, మూడేళ్ళ నుంచి, రెండిటికీ మనకి ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. దీనికి తోడు మన ‘తున్నాను’ అలవాటుగా చేసేదానికీ, ఇప్పుడు చేసేదానికీ, ఎప్పటినుంచో చేస్తున్నదానికీ ఒక్కటే పనిచేస్తుంది. కాబట్టి ‘మూడేళ్ళ నుంచి చేస్తున్నాను’ అన్నది మీ చేతిలో ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్’ అయింది. కావలసింది ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్’. ఇలాంటిది సాఫ్ట్‌వేర్ తరచూ పట్టుకుంటుంది. ‘ఐ హాడ్ సెంట్ ది ఫైల్ యెస్టర్‌డే’ దగ్గర మాత్రం నోరెత్తకపోవచ్చు. హాడ్ అంటే ఆ తర్వాత ఇంకేదో జరిగిందని చదివేవాడు ఎదురుచూస్తాడు. నిన్న, మొన్న, సోమవారం అని సమయం చెప్పి ఊరుకునేచోట హాడ్ కొట్టేయండి.

‘అని’ దగ్గర ఇంకో చిక్కు. ‘చెప్పాడని’ అన్నదాన్ని ‘హీ టోల్డ్ దట్’ అంటున్నారు. టోల్డ్‌కి వినేవాళ్ళు కావాలి: టోల్డ్ మీ, టోల్డ్ ది టీమ్. ఎవరికో చెప్పక్కర్లేకపోతే సెడ్. ‘గురించి’ మీ చేత ‘డిస్కస్ అబౌట్’ అనిపిస్తోంది, డిస్కస్‌లోనే ‘గురించి’ ఉంది. ‘అయినా కానీ’ వల్ల ఒకే వాక్యంలో ఆల్‌దో, బట్ రెండూ వస్తున్నాయి, ఒకటి చాలు. ‘నిన్ననే’లో ఉన్న ఏ-కారాన్ని ‘యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’ అని మోసుకెళ్తున్నారు. అక్కడ ఏమీ పెట్టనక్కర్లేదు. ఇంకొకటి, ‘ఎప్పుడు వస్తుందో తెలియదు’. మనకి ప్రశ్నలోనూ మామూలు వాక్యంలోనూ క్రియ చివరే ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. ఇంగ్లిష్‌లో నేరుగా అడిగితేనే తిరగబడాలి. ‘ఐ డోంట్ నో వెన్ విల్ ఇట్ కమ్’ కాదు, ‘వెన్ ఇట్ విల్ కమ్’.

ఇంతే. రాసింది తక్కువనిపించొచ్చు. కానీ మీ మూడు మెయిళ్ళలో గీత పడే తప్పుల్లో దాదాపు అన్నీ వీటిలో ఇమిడిపోతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఉన్నదున్నట్టు సాగించొచ్చు. బయటి మెయిళ్ళు శుభ్రంగానే వెళ్తాయి, కానీ చాట్‌లో, కాల్‌లో, ఎక్స్‌టెన్షన్ లేని ప్రతి కొత్త ప్రాజెక్టులో ఇదే భయం. గీత కనబడగానే నొక్కేస్తే చేతికి అలవాటయ్యేది నొక్కడమే. ఐదేళ్ళలో ‘సిన్స్’ని ఎన్నిసార్లు దిద్దించుకున్నా నిలవనిది ఇందుకే.

పూర్తిగా మానేయొచ్చు. ఈ సలహా చాలామంది గంభీరంగా ఇస్తారు, నాకు నచ్చదు. ఏడెనిమిది గంటల షిఫ్ట్ చివర వేళ్ళు జారడం భాషా జ్ఞానానికి సంబంధించింది కాదు, ఎంత బాగా ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకైనా రెండో కన్ను కావాలి. పైగా మీరు క్లయింట్‌తో రోజూ మాట్లాడే మనిషి. మొదటి నెల తప్పులు ఒక్కసారిగా పెరిగితే పాత టీమ్ లీడ్ నవ్వు మళ్ళీ చెవిలో మోగుతుంది, అప్పుడు ఇంకా గట్టిగా దాన్నే పట్టుకుంటారు.

మూడో దారి, సాఫ్ట్‌వేర్‌ని ఉంచి దాని చోటు మార్చడం. ఇప్పుడది మీ పక్కన కూర్చుని, మీరు మాట పూర్తిచేయకముందే అందిస్తోంది. దాన్ని చివర్న పిలవండి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్ళి, టైప్ చేస్తుండగా స్పెల్లింగ్ చూడటం, టైప్ చేస్తుండగా గ్రామర్ తప్పులు గుర్తించడం అన్న రెండు టిక్కులు తీసేయండి. మెయిల్ మొత్తం రాయండి. ఒకసారి మీరే చదవండి. అప్పుడు తనిఖీ మొదలుపెట్టే ఎఫ్7 మీట నొక్కండి. క్లాసిక్ డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో కూడా ఫైల్, ఆప్షన్స్, మెయిల్ కింద స్పెల్లింగ్ సెట్టింగ్‌లున్నాయి. పంపే ముందు తప్పకుండా స్పెల్లింగ్ చూడు అనే టిక్కు అక్కడే ఉంటుంది, అది పెట్టుకోండి. ఇవి మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పాటే వచ్చేవి కాబట్టి చాలా వర్చువల్ డెస్క్‌టాప్‌లలో ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ లేదన్న దిగులులో చాలామంది చేతికిందున్న ఎఫ్7ని మరిచిపోతారు. ప్రూఫింగ్ భాష మాత్రం యునైటెడ్ కింగ్‌డమ్ ఇంగ్లిష్‌కి మార్చండి, లేకపోతే అమెరికా స్పెల్లింగ్‌లు చొరబడతాయి. మీ ప్రాజెక్టు పేర్లు, సర్వర్ల పేర్లు, టీమ్‌లో వాళ్ళ పేర్లు డిక్షనరీలో చేర్చుకోండి. ఎర్రగీతలు ఆ పేర్ల కిందే కుప్పలుగా ఉంటే అసలు తప్పు కింద పడ్డ గీతని కన్ను దాటేస్తుంది.

ఎఫ్7 చూపించినప్పుడు వెంటనే ఒప్పుకోకండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: నేను రాసింది, అది చెప్పింది, రాసేటప్పుడు మనసులో ఉన్న తెలుగు మాట. మూడో గడి ముఖ్యం. రెండు వారాలు, రోజుకి మూడు నాలుగు మెయిళ్ళ నుంచి మాత్రమే రాయండి, అన్నీ రాస్తే ఐదో రోజుకి మానేస్తారు. క్లయింట్ వివరాలు అందులోకి రానివ్వకండి, మాట తీరు చాలు. రెండు వారాలయ్యాక ఎక్కువసార్లు వచ్చిన రెండు రకాలు ఎంచుకుని, మూడో వారం కేవలం ఆ రెండిటి కోసమే మెయిల్‌ని చదవండి. ఒకసారి అన్ని ఎ, ది. ఇంకోసారి అన్ని క్రియలు. అన్నీ ఒకేసారి వెతకబోతే ఏదీ దొరకదు. ఈ దారిలో లోటు కూడా చెప్పాలి: మొదటి మూడు వారాలు మెయిల్‌కి పట్టే సమయం తగ్గదు.

చాట్‌కి వేరే మందు ఉంది. ఇన్సిడెంట్ సమయంలో మీరు పంపే వాక్యాలు నిజానికి పదిహేను ఇరవైకి మించవు. పని అందింది, చూస్తున్నాం, కారణం ఇంకా తేలలేదు, ఫలానా టీమ్‌ని పిలిచాం, వచ్చే కబురు ఇన్ని గంటలకి, ప్రస్తుతానికి పనిచేస్తోంది, గమనిస్తున్నాం. వీటిని ఒక ఆదివారం తీరిగ్గా మీ ఇంగ్లిష్‌లో రాసి, నమ్మకమున్న సహోద్యోగి ఒకరికి చూపించి, వర్చువల్ డెస్క్‌టాప్‌లోనే ఒక ఫైల్‌గా పెట్టుకోండి. నంబరూ టైమూ మార్చి వాడండి. చాట్ వాక్యం పొట్టిగా ఉండొచ్చు. మీ మెయిళ్ళనే కొంచెం కిందకి దించండి: ‘వియ్ సిన్సియర్లీ రిగ్రెట్ ది ఇన్‌కన్వీనియెన్స్’ తీసేసి ‘సారీ ఫర్ ది డిలే’ అనండి. రెండూ మీరే రాస్తున్నారా అని మేనేజర్ అడిగింది ఈ ఎత్తుపల్లం చూసే. నేరుగా చెప్పేయండి కూడా: ‘మెయిల్‌కి తనిఖీ సాఫ్ట్‌వేర్ వాడేదాన్ని, కొత్త డెస్క్‌టాప్‌లో లేదు, అనుమతి ఉన్నవి ఏవో ఐటీ వాళ్ళని అడిగి చెప్పండి’. అది దొంగతనం ఒప్పుకోవడం కాదు, పనిముట్టు అడగడం. కొన్ని కంపెనీల్లో ఒప్పందం ఉన్న సాధనం ఏదో ఒకటి దొరుకుతుంది కూడా.

డబ్బు కట్టే విషయం. డబ్బు కడితే ఎక్కువగా వచ్చేవి వాక్యం తిరగరాయడం, స్వరం మార్చడం లాంటివి, అంటే రెండో కుప్ప. మీ దెబ్బ తగిలింది అక్కడే. మీ తప్పులు మొదటి కుప్పవి, వాటికి ఉచితంగా వచ్చేది సరిపోతుంది. చాట్‌బాట్‌తో మెయిల్ మొత్తం తిరగరాయించుకోవడం గురించీ అడిగారు. సమాచారం బయటికి పోయే సమస్య అక్కడా అంతే, పైగా మీ ‘ట్టుంది’లు ఇంకా నున్నగా మాయమవుతాయి. దాన్ని వాడాలనుంటే క్లయింట్ మెయిల్ ఇవ్వకుండా, నోట్‌బుక్‌లోంచి ఒక వాక్యం ఇచ్చి ‘ఇక్కడ సిన్స్ ఎందుకు తప్పు, ఇలాంటివి ఐదు వాక్యాలు ఇవ్వు’ అని అడగండి. సొంత బ్రౌజర్‌లో ఇంకో చిన్న పని: క్రోమ్‌లో భాషల సెట్టింగ్ కింద స్పెల్‌చెక్ రెండు రకాలు ఉంటుంది. బేసిక్ మీ కంప్యూటర్‌లోనే చూస్తుంది, ఎన్‌హాన్స్‌డ్ రాసింది గూగుల్‌కి పంపుతుంది. ఆఫీసు మాటలు రాసేచోట బేసిక్ ఉంచండి.

ఉత్తరం చివర, దీన్ని వర్డ్‌లో తెలుగులో టైప్ చేస్తుంటే ‘వెళ్ళిపోవాల్సొచ్చిందని’ కింద కూడా ఎర్రగీత పడిందని, నాకు తెలుగు కూడా రాదేమో అనిపించిందని రాశారు. అమ్మా, ఆ గీత మీ తెలుగు గురించి ఏమీ చెప్పదు. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి, ఒక్క క్రియకే లెక్కలేనన్ని రూపాలు. ఏ జాబితాలోనూ అన్నీ పట్టవు, లేనిదాని కింద గీత పడుతుంది. నాలుగు పేజీల్లో నాకు దిద్దాల్సిన వాక్యం కనబడలేదు.

ఐఈఎల్‌టీఎస్‌కి వస్తే, కంప్యూటర్ మీద రాసినా అందులో స్పెల్‌చెక్ గానీ గ్రామర్‌చెక్ గానీ ఉండదు. ఎన్ని మాటలు రాశారో మాత్రం చూపిస్తుంది. కెనడాకి వలస వెళ్ళడానికైతే మీకు కావలసింది అందులో జనరల్ ట్రెయినింగ్ అనే రకం. రైటింగ్‌కి 60 నిమిషాలు. మొదటిది ఉత్తరం, కనీసం 150 మాటలు. రెండోది వ్యాసం, కనీసం 250 మాటలు, మార్కుల్లో దాని బరువు మొదటిదానికి రెండింతలు. కాబట్టి ఉత్తరానికి 20 నిమిషాలు, వ్యాసానికి 40. నాలుగు కోణాల్లో సమానంగా మార్కులు వేస్తారు: అడిగినదానికి జవాబివ్వడం, చెప్పినదాని అల్లిక, పదసంపద, వ్యాకరణం. వ్యాకరణం పాలు నాలుగో వంతే. మీలాంటి వాళ్ళు సాధారణంగా పొరపడేది ఇక్కడే, తప్పులకి భయపడి అన్నీ పొట్టి వాక్యాలు రాస్తారు. వ్యాకరణం మార్కుల్లో వాక్యాల వైవిధ్యాన్ని కూడా చూస్తారు, కాబట్టి ఆల్‌దో, ఇఫ్, విచ్ ఉన్న వాక్యాలు రాయక తప్పదు. చివరి ఐదు నిమిషాలు చదవడానికి మిగుల్చుకుని, నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు వచ్చిన ఆ రెండు రకాల కోసమే వెతకండి. వారానికి రెండు వ్యాసాలు గడియారం పెట్టుకుని నోట్‌ప్యాడ్‌లో రాయండి. ముందు దాని సెట్టింగ్స్ చూసుకోండి. విండోస్ 11 నోట్‌ప్యాడ్‌లో 2024 నుంచి స్పెల్‌చెక్ వచ్చి కూర్చుంది, దాన్నీ, ఆటోకరెక్ట్‌నీ ఆపేయాలి.